బీరువా తాళం తీయని వారోత్సవం

మా ఊరి శాఖా గ్రంథాలయం గుమ్మం పక్కన నోటీసు బోర్డు మీద ఈమధ్య ఒక కాగితం అతికించారు. పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు చేత్తో రాసి, కింద వరసగా సంతకాలు పెట్టారు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, హాల్లో సభలూ పిల్లల కార్యక్రమాలూ పెట్టవద్దు, మాకు నిశ్శబ్దం కావాలి అని దాని సారాంశం. వినయంగానే రాశారు. ఆ సంతకాల్లో నాకు తెలిసిన పేర్లు కూడా ఉన్నాయి.

ఆ కాగితం మీద ఊళ్ళో రెండు రకాల మాటలు విన్నాను. మా బంధువు ఒకాయన, "లైబ్రరీ అంటే చదువుకునే చోటు. పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు వేయించడానికి బళ్ళు లేవా?" అన్నారు. రిటైరైన మాష్టారు ఒకాయన దానికి ఎదురు చెప్పారు. "ఆ కార్యక్రమాలు కూడా లేకపోతే ఈ ఊళ్ళో లైబ్రరీ ఒకటుందని ఎవడికి గుర్తుంటుంది?"

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారనిపించి ఇది రాస్తున్నాను. గ్రంథాలయంలో కార్యక్రమాలు ఉండి తీరాలని నా అభిప్రాయం. అయితే ఇప్పుడు మనం చేస్తున్న తీరులో కాదు. ఏ కార్యక్రమం కోసం బీరువా తాళం తీయాల్సి వస్తుందో అదే గ్రంథాలయ కార్యక్రమం. బీరువా తెరవకుండా జరిగిపోయేది ఎంత బాగా జరిగినా, ఏ కల్యాణమండపంలోనో పెట్టుకోవచ్చు.

ఆ కుర్రాళ్ళ మాట

ముందు కాగితం రాసినవాళ్ళ వైపు నుంచి చూడాలి. ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టే డీఎస్సీ 2018లో వచ్చాక, మళ్ళీ పెద్ద డీఎస్సీ 16,347 పోస్టులతో 2025లో వచ్చింది. ఆ మధ్య ఏళ్ళన్నీ మా జిల్లాలో బీఈడీలు, డీఈడీలు చేసిన పిల్లలు ఎక్కడున్నారు? చాలామంది ఇలాంటి లైబ్రరీ బల్లల దగ్గరే ఉన్నారు. వాళ్ళతోపాటు కానిస్టేబుల్ సెలక్షన్లకు, రైల్వేకు, గ్రూప్స్‌కు చదివేవాళ్ళు. విశాఖపట్నం వెళ్ళి కోచింగ్‌లో చేరి, హాస్టల్ ఫీజు కట్టగలిగినవాళ్ళు వెళ్ళారు. కట్టలేనివాళ్ళకు ఈ హాలే కోచింగ్ సెంటరు, స్టడీ రూము అన్నీ.

అందులో ఒక కుర్రాడు మా వీధివాడే. తల్లి జీడిపప్పు బట్టీలో పప్పు వలిచే పనికి వెళ్తుంది. వాళ్ళది ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే టీవీ, అందులోనే మంచం పట్టిన తాత. రోజూ ఇంట్లోంచి వాటర్ బాటిలు, చుట్టిన గోనెపట్టా తెచ్చుకుంటాడు. కుర్చీలు నిండిపోతే వరండాలో ఆ పట్టా పరుచుకుని చదువుతాడు. కాగితం గురించి అడిగితే దాచకుండా చెప్పాడు.

"అక్కా, పిల్లలొస్తే మాకు కోపం లేదు. మొన్న సభ పెట్టినప్పుడు మా కుర్చీలు లాక్కుపోయారు. పొద్దున్నించీ మైకు టెస్టింగని హలో హలో అంటానే ఉన్నారు. ఆ రోజంతా పోయింది. పరీక్ష పదిహేను రోజులుంది. ఏటి సెయ్యమంటావు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. గ్రంథాలయం అందరిదీ అని చెప్పడం తేలిక. కానీ ఆ అందరిలో, ఇక్కడ తప్ప ఇంకెక్కడా కూర్చోవడానికి చోటు లేనివాళ్ళ మాట ముందు వినాలి. ఊళ్ళో సభ పెట్టుకోవడానికి నాలుగు చోట్లు దొరుకుతాయి. డబ్బు కట్టకుండా ఫ్యాను కింద కూర్చుని చదువుకునే చోటు ఇదొక్కటే.

అయినా ఒక మాట అనక తప్పదు. ఈ పిల్లల్లో చాలామంది బీరువాల జోలికి వెళ్ళరు. వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటారు. పేపర్ల బల్ల దగ్గర కరెంట్ అఫైర్స్ నోట్సు రాసుకుంటారు, అంతే. అది వాళ్ళ తప్పు కాదు, సిలబస్సు అలాంటిది. హాలంతా స్టడీ రూముగా మారిపోయి నిశ్శబ్దం ఒక్కటే నియమమైపోతే మాత్రం బీరువాల్లోని పుస్తకాలను అడిగేవాళ్ళు ఉండరు. ఏడేళ్ళ పిల్ల లోపలికొచ్చి అమ్మతో ఒక మాట అంటే నాలుగు తలలు లేచి చూస్తాయి. ఆ చూపు పడ్డ పిల్ల రెండోసారి రాదు.

నవంబరు వారం

గ్రంథాలయ వారోత్సవాలంటే ఏమిటో ఈ బ్లాగు చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. నవంబరు 14న మొదలై 20తో ముగుస్తాయి. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున వక్తృత్వం, వ్యాసరచన, క్విజ్, ముగ్గులు, పాటలు. చివరి రోజు బహుమతులు. జిల్లా కేంద్రం నుంచి మండలాల్లోని శాఖల దాకా ఇదే వరస.

కిందటి వారోత్సవాల్లో చిత్రలేఖనం పోటీకి మా అమ్మాయిని తీసుకెళ్ళాను. హాలు నిండా పిల్లలే. ఊళ్ళో బళ్ళన్నిటి నుంచీ టీచర్లు వరసల్లో తీసుకొచ్చారు. నేల మీద జంపఖానాలు వేసి, గోడవార బీరువాలకు ఆనించి కూర్చోబెట్టారు. పిల్లలు బొమ్మలు వేస్తున్నంతసేపూ వాళ్ళ వీపుల వెనక అద్దాల తలుపుల్లోంచి పుస్తకాలు కనిపిస్తూనే ఉన్నాయి. పోటీకి ఇచ్చిన అంశం "నాకు నచ్చిన పుస్తకం".

బొమ్మ త్వరగా పూర్తి చేసేసిన ఒక పిల్ల వెనక్కి తిరిగింది. ప్రభుత్వ బడి యూనిఫాం, నూనె రాసి వేసిన రెండు జడలు, మోచేతి దాకా పసుపురంగు క్రేయాన్ మరక. అద్దానికి ముక్కు ఆనించి లోపల అడ్డంగా పెట్టి ఉన్న ఒక పుస్తకం అట్ట చూస్తోంది. అట్ట మీద ఏనుగు, దాని వీపు మీద ఒక పిల్లాడు. "అది తీసి చూడొచ్చా మేడమ్?" అని టీచరును అడిగింది. టీచరు లైబ్రేరియన్ కోసం చూసింది. ఆవిడ గుమ్మం దగ్గర అతిథులకు ఎదురు వెళ్తున్నారు. తాళంచెవులు ఆవిడ దగ్గరే ఉన్నాయి. "తర్వాత చూద్దువుగాని, ముందు కూర్చో" అంది టీచరు. పిల్ల కూర్చుంది. తర్వాత ప్రసంగాలు, శాలువాలు, ఫొటోలు. ఆ వరస అయ్యేసరికి బడి టైము అయిపోయింది. వచ్చినట్టే వరసగా వెళ్ళిపోయారు.

ఆ పిల్లకు కన్సొలేషన్ బహుమతి వచ్చింది. స్టీలు గిన్నె. వ్యాసరచనలో ఫస్టు వచ్చిన అబ్బాయికి టిఫిన్ బాక్సు. బహుమతి ఇచ్చిన దాతను తప్పుపట్టను. పిల్లలకు పనికొచ్చే వస్తువని మంచి మనసుతోనే ఇచ్చి ఉంటాడు. కానీ గ్రంథాలయానికి ఒక పూట వచ్చిన అంతమంది పిల్లల్లో ఒక్కరి చేతిలోకీ ఒక్క పుస్తకమూ రాకుండానే ఆ కార్యక్రమం విజయవంతంగా ముగిసింది. మర్నాడు పేపర్లో జోన్ పేజీలో ఫొటో కూడా వచ్చింది. ఈ సంగతి అప్పటినుంచీ నన్ను తొలుస్తూనే ఉంది.

వారోత్సవాలు మానేయమని నేను అనను. అసలు లైబ్రరీ గుమ్మం తొక్కని పిల్లలు ఆ వంకతో ఒకసారి లోపలికి వస్తారు. ఆ రావడానికి విలువ ఉంది. అయితే వచ్చిన పిల్లకు సభ్యత్వం అట్ట రాసివ్వడం, ఒక పుస్తకం ఇంటికి పంపించడం, వచ్చే వారం మళ్ళీ రమ్మనడం అందులో భాగం కాకపోతే ఆ గుమ్మం తొక్కించిన కష్టమంతా ఏమైనట్టు? డిపాజిట్ చిన్న మొత్తమే. అది కూడా కట్టలేని పిల్లలకు శాలువాలు కొనే దాతలు కట్టగలరు.

పాతకాలపు సందడి

లైబ్రరీలో చప్పుడేమిటని విసుక్కునేవాళ్ళకు మన గ్రంథాలయోద్యమాన్ని ఒకసారి గుర్తుచేయాలనిపిస్తుంది. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన రోజుల్లో జనంలో అక్షరం వచ్చినవాళ్ళు ఎందరని? అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తలపెట్టిన గ్రంథాలయం చదువు వచ్చినవాళ్ళు మాత్రమే వచ్చి మౌనంగా కూర్చునేది కాదు. రాత్రిబడి, పత్రిక బిగ్గరగా చదివి వినిపించడం, ఉపన్యాసాలు, ఊరూరా గ్రంథాలయ యాత్రలు, ఇవన్నీ కలిసినదే అప్పటి గ్రంథాలయం. గాడిచర్లవారు తర్వాత వయోజన విద్యకు అంతగా అంకితం కావడం అందులోంచి వచ్చిందే. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. చదివేవాళ్ళు వస్తారని గుమ్మంలో కూర్చుని ఎదురుచూడలేదు, పడవ ప్రయాణికుల దగ్గరికే పుస్తకం తీసుకెళ్ళారు.

అదంతా కృష్ణా, గుంటూరు కథ, మన ఉత్తరాంధ్రకేమిటి అనకండి. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కథారచయిత కాళీపట్నం రామారావు మాష్టారు బడిపంతులుగా రిటైరై, 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాక, 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట ఉండాలన్నది ఆయన కోరిక. నేను వెళ్ళినప్పుడు నన్ను ఆకట్టుకున్నది అక్కడి పుస్తకాల లెక్క కాదు. అడిగిన పాత కథ కోసం ఒకాయన లేచి వెళ్ళి, పత్రిక బైండు తీసి, పేజీ తిప్పి చేతిలో పెట్టడం. అక్కడ ఫిబ్రవరి సమావేశాలకు వచ్చేవాళ్ళు కథల గురించే మాట్లాడుకుంటారు, కథలు దాచిన గదుల మధ్యే మాట్లాడుకుంటారు. సభకూ పుస్తకానికీ మధ్య తాళం ఉండదు.

విజయనగరంలో జిల్లా కేంద్ర గ్రంథాలయానికి గురజాడ పేరే పెట్టుకున్నాం. అక్కడ సాహిత్య సభలు తరచు జరుగుతాయి, ఊరికి ఆ అలవాటు ఉంది. చిన్న పట్నంలో ఆ అలవాటు లేదు. ఇక్కడ రచయితలు పదిమంది లేరు, పుస్తకావిష్కరణలు జరగవు. కాబట్టి పెద్ద ఊరి సభను తెచ్చి ఇక్కడ పెడితే నిలవదు. మన ఊరికి తగినదేదో వెతుక్కోవాలి. నాకు తెలిసి ఆ తగినది, పదిమంది పిల్లలు, నలుగురు పెద్దలు కూర్చుని ఒక పుస్తకం పైకి చదువుకోవడం.

వేసవిలో ఒక సాయంత్రం

ఇది ఊహించి చెప్పడం లేదు. గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతాయి కదా. ఎండలు మండిపోతున్న రోజుల్లో మా దగ్గర కూడా పెట్టారు. మొదటివారం కాగితం పూలు, క్యారమ్స్, స్పోకెన్ ఇంగ్లీషు. రెండోవారం ట్రైనరు రాలేదు. ఏం చెయ్యాలో తోచక లైబ్రేరియన్ మేడమ్ బీరువా తెరిచి, "ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి" అన్నారు. పిల్లలు ఎగబడ్డారు. తర్వాత ఒక్కొక్కరూ తమకు నచ్చిన పేజీ పైకి చదవాలని పెట్టారు.

మనవణ్ణి దింపడానికి రోజూ ఒక పెద్దావిడ వచ్చేది. సంతలో కూరగాయలు అమ్ముతుంది. దింపేసి వరండాలో మెట్టు మీద కూర్చునేది. ఆ రోజు ఎండ మరీ ఎక్కువగా ఉందని మేడమ్ లోపలికి పిలిచారు. "నాకు సదువు రాదమ్మా, నానెందుకు లోపలికి?" అంటూనే వచ్చి గోడవార ఒదిగి కూర్చుంది.

ఆవిడ మనవడు నాలుగో తరగతి. లైను కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ఒక ముసలి జాలరి, అతనికి దొరికిన వింత చేప. ఒత్తు దగ్గర ఆగుతున్నాడు, మళ్ళీ మొదటినుంచీ పట్టుకుంటున్నాడు. ముందు వరస పిల్లలు కిసుక్కుమన్నారు. వాడికి సిగ్గేసి పుస్తకం మూసేశాడు.

"ఏటలా మూసీసినావు? ఆ ముసిలోడు ఏటయినాడో సెప్పకుండా ఒగ్గేస్తే ఎలాగ? సదువు" అంది వెనకనుంచి వాళ్ళ అమ్మమ్మ.

పిల్లలు అందరూ వెనక్కి తిరిగి చూశారు. వాడు మళ్ళీ తెరిచాడు. మధ్యలో ఆవిడ అడ్డుపడి, వల అలా లాగరని, అలా లాగితే చిరిగిపోతుందని చెప్పింది. వాళ్ళ పుట్టిల్లు సముద్రం ఒడ్డున భావనపాడు వైపు. వల ఎలా లాగుతారో చేతులతో చూపించింది. కథ పక్కకు పోయి చేపల పేర్ల మీదికి వెళ్ళింది. మళ్ళీ కథలోకి వచ్చారు. శిబిరం అయిపోయేదాకా ఆవిడ లోపలే కూర్చుంది.

మా అమ్మాయి ఆ సాయంత్రం విన్న చేపల పేర్లు ఇంటికొచ్చి వాళ్ళ నాన్నకు అప్పజెప్పింది. ఆ పుస్తకం మా ఇంటికీ వచ్చింది, ఇంకో ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళింది. ఇష్యూ రిజిస్టరులో ఒకే పుస్తకం పేరు కింద పిల్లల సంతకాలు వరసగా ఉండటం చూసి మేడమ్ నాకు చూపించారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లో చెప్పిన సూత్రాలు లైబ్రరీ సైన్సు చదివినవాళ్ళంతా వల్లిస్తారు. ఆ రిజిస్టరు పేజీలో నాకు అవి కంటికి కనిపించాయి.

దీనికి ఖర్చు లేదు, అతిథి లేడు, బ్యానరు లేదు. బడి చేయలేదా ఈ పని అంటే చేయలేదు. బళ్ళో చదివితే ఆ వెంటనే ప్రశ్నలుంటాయి, మార్కులుంటాయి. ఆ పిల్లవాడి వెనక వాళ్ళ అమ్మమ్మ కూర్చునే చోటు బళ్ళో లేదు.

ఇంకా తేలని సందేహాలు

ఇంత చెప్పాక కూడా నాకు తెగని సంగతులున్నాయి. మొదటిది లైబ్రేరియన్ సంగతి. చిన్న శాఖల్లో ఆ మనిషి ఒక్కరే. తలుపు తీయడం, పేపర్లు సర్దడం, ఇష్యూ రాయడం, నెలవారీ రిపోర్టులు, పై ఆఫీసు అడిగిన ఫొటోలు పంపడం అన్నీ ఆవిడే. పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు. శుక్రవారం సెలవు. కొందరికి రెండో శాఖ అదనపు బాధ్యత కూడా. బీరువాలకు తాళం ఎందుకు వేస్తారని మేడమ్‌ని అడిగాను. ఒక పుస్తకం పోతే లెక్క చెప్పుకోవాల్సింది తనే అన్నారు. స్టాకు వెరిఫికేషన్‌లో తగ్గితే జవాబు తనే చెప్పాలి. ఇలాంటి భయం పెట్టి, తాళం తీయండి అనడం న్యాయం కాదు. చేతులు మారిన పుస్తకం చిరుగుతుంది, కొన్ని పోతాయి. ఏడాదికి ఇన్ని పుస్తకాలు ఇలా పోవచ్చని పైవాళ్ళు ఒప్పుకుంటే తప్ప కిందివాళ్ళ చేతిలో తాళంచెవి కదలదు.

రెండోది డబ్బు. 1960 నాటి చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మనం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయడం లేదన్నది రాష్ట్రమంతటా పాత ఫిర్యాదే. కొత్త పిల్లల పుస్తకాలు రావు. ఉన్నవి మళ్ళీ మళ్ళీ తిరిగి అట్టలూడిపోయాయి. కార్యక్రమాలు పెట్టి పిల్లల్ని రప్పించి, ఆ అట్టలూడినవే చేతిలో పెడితే ఎన్నాళ్ళు వస్తారు? ఇంటిపన్ను రసీదు మీద ఆ సెస్సు కాలమ్ చూసి ఎక్కడికి పోతోందని అడిగేవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నా మార్పు వస్తుందని నా నమ్మకం.

మూడోది అన్నిటికన్నా గట్టిది. పైకి చదివే సాయంత్రాలు వేసవిలో జరిగాయి. బళ్ళు తెరిచాక ట్యూషన్లు మొదలయ్యాయి, పిల్లలు తగ్గిపోయారు. ఆ అమ్మమ్మ మళ్ళీ రాలేదు. కాబట్టి ఒక మంచి సాయంత్రం చూసి నేను పెద్ద సిద్ధాంతం కట్టేస్తున్నానా అని నాకే అనిపిస్తుంది. "చదవడం మాకిష్టం" అని ప్రభుత్వం ఒక కార్యక్రమం కూడా పెట్టింది, ఆదివారాలు పిల్లల్ని రప్పించమన్నారు. కొన్నిచోట్ల బాగా సాగింది, కొన్నిచోట్ల ఫొటో దగ్గరే ఆగిపోయింది. నేను గమనించినంతవరకు, పిల్లల పక్కన కూర్చుని చదివే పెద్దమనిషి ఒకరు ఉన్నచోట సాగింది. ఆ మనిషిని ఆర్డరు వేసి తేలేం. ఊరే ఇవ్వాలి.

మైకు లేకుండా

అందుకే కాగితం రాసిన కుర్రాళ్ళతో మళ్ళీ మాట్లాడాను. మా వీధి కుర్రాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. మైకు వద్దు, కుర్చీలు తీయొద్దు, ముందుగా చెప్పండి అన్నారు. శనివారం సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా పత్రికల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని చదువుకుంటే అభ్యంతరం లేదన్నారు. వాళ్ళలో డీఈడీ చేసిన అమ్మాయి, "నేను వారం విడిచి వారం వచ్చి కూర్చుంటాను అక్కా, డెమో క్లాసుకి నాకూ ప్రాక్టీసు" అంది. మిగతా ఇద్దరూ మాటివ్వలేదు. పరీక్ష అయ్యాక చూస్తామన్నారు. అది సబబే.

మేడమ్‌కు రాసిచ్చిన ఉత్తరంలో మూడు సంగతులే అడిగాం. ఆ గంటసేపు పిల్లల పుస్తకాల బీరువా తెరిచి ఉంచాలి. ఆ బీరువాలో చిరిగినవాటికి, పోయినవాటికి శనివారం కూర్చునే పెద్దలం మేం సంతకం పెట్టి బాధ్యత తీసుకుంటాం. వచ్చే నవంబరులో బహుమతులు ఏవైనా సరే, పుస్తకాలే ఇవ్వాలి. మొదటిదానికీ మూడోదానికీ ఆవిడ సరేనన్నారు. రెండోదానికి పై ఆఫీసును అడగాలన్నారు, జవాబు ఇంకా రాలేదు.

ఈలోగా బహుమతుల దాతను కలిశాం. ఏ పుస్తకాలు కొనాలో తనకు తెలియదని, జాబితా రాసిస్తే శ్రీకాకుళం నుంచి తెప్పిస్తానని ఆయన అన్నారు. ఎనిమిది నుంచి పదేళ్ళ పిల్లలకు, పెద్ద అక్షరాలతో, బొమ్మలతో, పైకి చదవడానికి నోరు తిరిగే తెలుగు కథల పుస్తకాలు మీ పిల్లలకు ఏవి నచ్చాయో రాయండి. చేపలు, వలలు, జీడితోటలు, సంతలు ఉన్నవైతే ముందు వాటిని రాయండి.